నాలుగో చానెల్

రసూల్ బీ. నలభై తొమ్మిదేళ్లు. ఏ పెట్టె మూత విప్పినా, మరల్ని విప్పిన వరసలోనే తెల్లగుడ్డ మీద పేరుస్తుంది. ఆ సోమవారం పొద్దున వన్ టౌన్‌లోని తన రిపేరు షాపులో, ఆర్కెస్ట్రా పార్టీ నడిపే నీలకంఠం మాస్టారు తెచ్చిన మిక్సర్ మరలు పద్నాలుగూ అలాగే పేర్చి, వాల్యూమ్ కంట్రోళ్లు రెండు ఊడబీకి, తలెత్తి ఆయన్ని చూసింది. ఆ తర్వాత మాట్లాడిందంతా ఆవిడే.

స్ప్రే కొట్టీసి ఇచ్చీమంటారేటి మాస్టారూ? ప్రతీవోడిదీ అదే మాట. వొచ్చి, పెట్టె నా బల్ల మీద పడీసి, కాస్త స్ప్రే కొట్టీమ్మా గరగర పోతాది అంటాడు. స్ప్రే కొట్టడానికే కూకున్నానా నానిక్కడ? మీకంత తెలిస్తే సీసా కొనుక్కుని ఇంటికాడ కొట్టుకోండి.

కూకోండి. అలా నా నెత్తి మీదకి వొంగితే నాకు వెలుతురు రాదు. ఆ స్టూలు మీద కాదు, దాని కాలు ఊగతాది. బెంచీ మీద కూకోండి.

గౌస్ లేడా అని మళ్లీ అడగతన్నారు. లేడు. ఉంటే మాత్రం ఏటి? మా తమ్ముడు పక్క షాపులో సెల్లు కవర్లు అమ్ముకుంటాడు. ఆడికి ప్లస్సేదో మైనస్సేదో తెలీదు. మా నాన్న జిలానీ బాషా పోయి పంతొమ్మిదేళ్లయ్యింది. పంతొమ్మిదేళ్లుగా ఈ కుర్చీలో నానే ఉన్నాను. అయినా గుమ్మంలోకి వొచ్చినోళ్లు సరిగ్గా నా మొకంలోకే సూసి, ఎవరూ లేరా అనడుగుతారు. నాను కనబడతన్నాను కదా. ఇంత లావు మనిషిని.

సాయంత్రం గాజువాకలో ప్రోగ్రాం ఉందని తెలుసండీ. వొచ్చినప్పట్నుంచి నాలుగుపాల్లు సెప్పారు. అందుకే ఇప్పుడు మాట్లాడతన్నాను. ఈ పెట్టె మూత విప్పి ఉన్నంతసేపూ మీరెక్కడికీ ఎల్లలేరు. బిగించీసాక మీరు నా మాట ఎందుకింటారు?

సరే. దీనికేటయ్యిందో మళ్లీ ఓపాలి అనుకుందాం. మీరు సెప్పిందే. మొన్న శనివారం ఉక్కునగరం క్లబ్బులో ప్రోగ్రాం. మధ్యలో రెండో చానెల్ జాకు విరిగిపోనాది. మీ బావమరిది దేవీప్రసాద్ మైకు పీకి నాలుగో చానెల్లో పెట్టారు. ఎన్నాళ్లుగానో ఖాళీగా ఉన్న చానెలు. పెట్టగానే ఏటయ్యింది? పల్లవిలో దేవీప్రసాద్ గొంతు మాయం. వినబళ్లేదని మీరు నాబ్ కాస్త తిప్పారు. తిప్పగానే సరణంలో గొంతు మీద పడిపోనాది. ముందు వరసలో పెద్దోళ్లు సెవులు మూసుకున్నారు. మళ్లీ తగ్గించారు, మళ్లీ మాయం. ఔనా?

అప్పుడు మీరేటన్నారు?

దేవీప్రసాద్‌కి గొంతు పోయిందన్నారా? వయసైపోనాది, అదుపు తప్పిపోనాది అన్నారా? పాట మధ్యలో మైకు లాక్కున్నారా?

అన్లేదు. మిక్సర్ పాడైపోనాది అన్నారు. అక్కడే, స్టేజీ మీదే, మైకులోనే సెప్పారు, సాంకేతిక లోపానికి క్షమించాలని. మీ కీబోర్డు అబ్బాయి నాకంతా సెప్పాడు. నిన్న ఆదివారం, షాపు లేదు. ఈరోజు నాను షట్టరు ఎత్తకముందే స్కూటరు మీద పెట్టె కట్టుకొని వొచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

ఒక్క సాయంత్రం. ఒక్క మగోడి గొంతు ఒక్క సాయంత్రం ఎగిరిపడితే పెట్టె రిపేరుకొచ్చీసింది.

మరి శ్రీసత్యకి ఎన్నాళ్లు పట్టింది మాస్టారూ?

ఏ శ్రీసత్య అని అడక్కండి. నా సేతిలో ఉన్నది సోల్డరింగ్ ఐరన్, బాగా కాలి ఉంది.

పదకొండేళ్లు మీ పార్టీలో పాడింది. ఈ పెట్టె కొన్నప్పట్నుంచీ ఈ నాలుగో చానెల్లోనే పాడింది. ఇటు సూడండి, మీరే అతికించిన టేపు, మీ సేతి రాతే. ఒకటి మీద నీలకంఠం. రెండు మీద దేవి. మూడు మీద కీబోర్డు. నాలుగు మీద లేడీ. పదకొండేళ్లు పాడిన మనిషికి రెండంగుళాల టేపు మీద పేరు రాయలేకపోనారు. కీబోర్డుకైనా కీబోర్డని రాసారు.

ఏటి? ఆ సంగతి ఇప్పుడెందుకంటారా? పెట్టే ఎత్తింది ఆ సంగతి, నాను కాదు. సూపిస్తాను, కాస్త ఆగండి.

ఫోన్ ఎత్తకండి. దేవీప్రసాదే కదా. ఆగమనండి. ఆడి గొంతుకేటీ కాలేదు, ఆగగలడు.

ఇదీ మీ నాలుగో చానెల్ వాల్యూమ్ కంట్రోలు. రూపాయి బిళ్లంత ఉంటాది. మూడు కాళ్ల దగ్గరా సీసం కరిగించి లాగాను. వెనక రేకు సెవులు వొంచితే ఇలా రెండు ముక్కలవుతాది. లోపలికి సూడండి. గుర్రపు లాడంలాగ నల్లటి పట్టీ ఉంది కదా, అది కార్బన్. దాని మీద ఈ ఇత్తడి నాలిక తిరగతాది. మీరు పైన నాబ్ తిప్పినప్పుడల్లా కింద ఇది రాసుకుంటాది. రాసుకుని రాసుకుని పట్టీ అరిగిపోతాది. అరిగిన సోట గరగర. స్ప్రే కొడితే మురికి పోతాది, ఔను. అరిగిపోయిన కార్బన్ తిరిగొస్తాదా?

దుమ్మంటారా. పోర్టు దుమ్ము, సముద్రపు గాలి, తుప్పు. అదీ ఉంటాది. ఉంటే ఎనిమిది చానెళ్లకీ ఉంటాది కదేటి? మీ పెట్టెలో దుమ్ము ఆడోళ్ల చానెల్ వెతుక్కుని మరీ ఎల్లి కూకుంటాదా?

ఇది మురికి కాదు. అరుగుదల. మెట్టు మీద కాలు ఎక్కడ పడతాదో అక్కడే రాయి అరిగినట్టు, నాబ్ ఎక్కడ తిప్పతారో అక్కడే పట్టీ అరగతాది. అందుకే రెండో చానెల్‌ది కూడా విప్పాను, పక్కన పెట్టి సూడ్డానికి. ఇది దేవీప్రసాద్‌ది. నాబ్‌ని గడియారం అనుకోండి. సున్నా ఏడు గంటల దగ్గర మొదలవుతాది, అటు తిరిగి అయిదు దగ్గర ఆగిపోతాది. దేవీప్రసాద్‌ది ఎక్కడ అరిగింది? పన్నెండు దగ్గర, అటో గంట, ఇటో గంట. నడిమధ్యన హాయిగా తిరిగాడు.

ఇప్పుడు నాలుగోది సూడండి. కళ్లజోడు పెట్టుకోండి, మొహమాటమెందుకు. ఎక్కడ అరిగింది?

ఏడుకీ ఎనిమిదికీ మధ్య. అంతే. గోరంత సోటు. అక్కడ పట్టీ తెల్లబడిపోనాది, సిల్లు పడ్డానికి సిద్ధంగా ఉంది. ఎనిమిది దాటాక మిగతాదంతా కొత్త పలకలాగ నిగనిగలాడతంది. దాని మీద నాలిక తిరిగిన జాడే లేదు.

అంటే ఆవిడ గొంతుని మీరు ఎనిమిది దాటనివ్వలేదు. ఆ గోరంత సోటులోనే ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ తోసారు. ఏడు నెల్లలో పట్టీ ఇంతలా తెల్లబడిందంటే పాటకి ఎన్నిపాల్లు తిప్పుంటారో సూసుకోండి.

అరిసేదంటారా. అందుకే తగ్గించానంటారు.

అదే మనిషి, అదే మైకు, అదే నోరు. అంతకు ముందు పదేళ్లు అరవలేదే. ముందటేడు వైశాఖంలో ఓ పొద్దున్న నిద్దర లేచి, ఇయాల్టి నుంచి అరుద్దామని అనుకుందా? అరిసిన మనిషి మరుక్షణం వినబడకుండా ఎలా పోయేది? అరుపూ మీరే అన్నారు, వినబళ్లేదనీ మీరే అన్నారు. రెండూ ఒకే పాటలో, ఒకే గొంతుకి. ముప్పయ్యేళ్లుగా ఈ ఫీల్డులో ఉన్నారు. సెవులు ఎక్కడ పెట్టుకున్నారు?

మాస్టారు అని పిలుస్తారు మిమ్మల్ని.

భీమిలి ప్రోగ్రాం గుర్తుందా? నాకు సెప్పింది శ్రీసత్య కాదు, మీవోళ్లే నవ్వుకుంటూ సెప్పారు. యుగళగీతం మధ్యలో గొంతు ఎగిరిపడితే మీరు నాబ్ సున్నాకి దింపీసారు. ఆవిడ పాడతానే ఉంది. పెదాలు కదలతన్నాయి, సౌండు లేదు. ఆవిడ పాట దేవీప్రసాద్ ఆడగొంతు పెట్టి పాడీసాడు. జనం ఈలలేసారు. ఆవిడ స్టేజీ మీద నిలబడి, నోరు మూసుకోవాలో తెరిసి ఉంచాలో తెలీక, పాట అయ్యీదాకా నవ్వతా నిలబడింది. పట్టుచీర, తలనిండా మల్లెపూలు. మార్గశిరంలో పిలవడం మానీసారు. మానీసామని సెప్పను కూడా లేదు. ఫోన్ ఎత్తలేదు, అంతే.

తరవాత ఆవిడ ఏటి సేసిందో తెలుసా మీకు? కేజీహెచ్ ఆసుపత్రికి ఎల్లింది. గొంతులో కెమెరా పెట్టి సూసారు. ఏటీ లేదన్నారు. ఏటీ లేదంటే నమ్మలేదు. ఊరంతా పోయిందంటంటే ఒక్క డాక్టరు ఉందంటే ఎవరు నమ్ముతారు? కరక్కాయ నమిలింది, మిరియాల కషాయం తాగింది, ఎవరో సెప్పారని నలభై రోజులు మౌనం పట్టింది. కూతురికి టిఫిన్ డబ్బాలో ఏటి పెట్టాలో పలక మీద రాసి అడిగీది. నలభై రోజులు. అయ్యాక నోరు తెరిసి పాడితే బాగానే ఉంది. కానీ ఆవిడకి బాగున్నట్టు వినబళ్లేదు.

ఇప్పుడు పరవాడలో మందుల కంపెనీలో సేస్తంది. మాత్రలు డబ్బాల్లో సర్దడం. మొకానికి మాస్కు, నెత్తికి టోపీ. ఎనిమిది గంటలు. పని దగ్గర మాట్లాడకూడదంట. మంచిదేలే అక్కా, గొంతుకి విశ్రాంతి అంది.

ఏటి, నేల సూస్తన్నారు?

ఓ, అదా. పట్టీసారన్నమాట. ఏడు నెల్లని నాకెలా తెలుసని. ఈ మిక్సర్ వయసు ఆరేళ్లు కదా, నాలుగో చానెల్ కంట్రోలు ఏడు నెల్లే పని సేసిందని రసూల్ బీకి ఎలా తెలుసని.

సెప్తాను. ముందు ఇది ఇనండి, లేపోతే అది అర్థం కాదు.

ఈ వాల్యూమ్ కంట్రోళ్లు రెండు రకాలు. పైకి ఒకటే. అదే సైజు, అవే మూడు కాళ్లు, రేకు మీద అదే నంబరు. లోపల కార్బన్ పూసిన తీరు వేరు. ఒకటి మన సెవికి తగ్గట్టు పూసింది. మెల్లిగా మొదలై పోను పోను పెరగతాది. పాటకి వేసేది అదే. రెండోది లెక్క ప్రకారం సమంగా పూసింది. ఫ్యానుకో, మీటరుకో, ఇంకో దానికో పనికొస్తాది. దాన్ని పాటకి వేస్తే సౌండంతా మొదటి గోరంత సోటులోనే ఎగిరి కూకుంటాది. ఏడు దగ్గర ఏటీ లేదు, ఎనిమిదికే మామూలు పాటకి సరిపడినంత. ఎంటిక మందం తిప్పితే మాయం, ఇంకో ఎంటిక మందం తిప్పితే సెవులు పగిలిపోతాయి. ఆ మజ్జన నిలబెట్టడం ఎవరి వల్లా కాదు. మీ వల్లా కాలేదు. శనివారం దేవీప్రసాద్‌కి అయ్యింది అదే. శ్రీసత్యకి ఏడు నెల్లు అయ్యింది అదే.

ఈ నాలుగో చానెల్లో ఉన్నది రెండో రకం. పాటకి వెయ్యకూడనిది.

ఔనండి. ఆవిడ గొంతుకేటీ కాలేదు.

కంపెనీవోడే అలా పెట్టుంటాడంటారు. లేదు. మిగతా ఏడూ సరిగ్గానే ఉన్నాయి. మరైతే డాబా గార్డెన్స్‌లో ఎవడో రిపేరు కుర్రోడు వేసుంటాడు, ఆడి సంగతి సూస్తానంటారు. పేరు కనుక్కుని సొక్కా పట్టుకుంటారన్నమాట. కూకోండి, మాస్టారూ. మీరా కుర్రోడి దగ్గరికి ఎప్పుడూ పట్టుకెళ్లలేదు. మీకు గుర్తు లేదంతే. ఈ పెట్టె మూత నాను తప్ప ఎవరూ విప్పలేదు.

నానే వేసాను.

ముందటేడు వైశాఖం. ఒక్కరోజే మూడు పెళ్లిళ్లు మీకు, నాలుగో చానెల్ కంట్రోలు పాడైపోనాది. ఈ బెంచీ మీదే కూకుని, గడియారం సూసుకుంటా, ఏదోటి వేసీ సెల్లెమ్మా, యారాడలో మండపం కట్టీసారు అన్నారు. నా దగ్గర సరైనది లేదు. నాలుగు షాపులకి ఫోన్లు సేసాను, ఎవరి దగ్గరా లేదు. ఇది ఉంది. ఏ రకమో నాకు తెలుసు. తెలిసే వేసాను. సౌండొచ్చింది. మీరు పట్టుకెళ్లిపోనారు. మంచిది రాగానే పిలిచి మార్చీద్దామనుకున్నాను.

మంచిది వొచ్చింది. పదిహేను రోజుల్లోనే. ఇదిగో, ఇప్పుడు బిగించబోయేది అదే. రెండేళ్లుగా నా సొరుగులో కాగితంలో సుట్టి ఉంది.

పిలవలేదు. ఎందుకంటే, సెప్తాను.

మా నాన్న తప్పు ముక్క వేస్తే ఏటనీవోరు? పార్టు నాసిరకం వొస్తంది బాషా భాయ్ అనీవోరు. ఇద్దరూ టీ తాగీవోరు, ఆయన మార్చీసీవోడు, అయిపోయీది. నాను వేస్తే? ఆడదాని సేతికిస్తే ఇంతేనోయ్ అంటారు. మీరే అంటారు. నాలుగు రోజుల్లో పోర్టు గేటు నుంచి గాజువాక దాకా ప్రతీ సౌండు పార్టీవోడూ అనీవోడు. ఈ కుర్చీలో కూకోడానికి నాను పంతొమ్మిదేళ్లు తప్పు సెయ్యలేదు. సెయ్యలేదంటే సెయ్యలేదని కాదు. ఎవరికీ తెలియనివ్వలేదు. మగోడికి తప్పు సేసి దిద్దుకునే వీలుంటాది. నాకు అది లేదు. దిద్దితే సేసినట్టు ఒప్పుకున్నట్టే.

కాబట్టి నాను నోరు మూసుకున్నాను. నా పేరు నిలబడింది. ఆవిడ నిలబళ్లేదు.

ఆగండి, ఇంకా ఉంది. వొచ్చింది ఎలాగో వొచ్చింది, మొత్తం ఇనండి.

ఆ ఏడే మా గజాలా పెళ్లి. గౌస్ కూతురు. మీ పార్టీనే పెట్టాం. శ్రీసత్య పాడింది. మొదటి పాటలోనే నాకు తెలిసిపోనాది. మీకు తెలీలేదు, నాకు తెలిసింది. గొంతు పోతే మెల్లిగా పోతాది, బొంగురు వొస్తాది, పై స్థాయి అందదు. ఇది అలా లేదు. స్విచ్చి వేసినట్టు వొస్తంది, తీసినట్టు పోతంది. అది మనిషి సేసే పని కాదు. నా ముక్క సేసే పని. నా ప్లేటులో బిర్యానీ ఉంది. తిన్నాను. పక్కన కూకున్నావిడ, పాపం మనిషికి గొంతైపోనాది అంది. నాను ఊఁ అన్నాను.

తరవాత వారం ఆవిడే వొచ్చింది. మీరు కూకున్న సోటే. రసూలక్కా, ఇంట్లో పాడతంటే నాకు బాగానే వినబడతంది, మిక్సర్‌లో ఏటైనా ఉందేమో మాస్టారికి సెప్పి ఓపాలి విప్పించవా అంది. కూతురు ఫోన్లో రికార్డు సేసిందంట, అది కూడా వినిపించింది. వంటింట్లో పాడింది, వెనక కుక్కర్ కూత. గొంతు గంటలాగ ఉంది.

నానేటన్నానంటే, మిక్సర్ శుభ్రంగా ఉందమ్మా, నీ గొంతే ఓపాలి డాక్టరుకి సూపించుకో అన్నాను.

ఆ కషాయాలు, ఆ పలక, ఆ నలభై రోజులు. నా మాట మీద మొదలెట్టింది. గొంతు పోయిందని మీరంటే ఆవిడ నమ్మలేదండి. మిమ్మల్ని నమ్మకే నా దగ్గరికొచ్చింది. నాను సెప్తే నమ్మింది. ఆడది ఆడదానికి అబద్ధం సెప్పదనుకుంది.

ఏటి మాస్టారూ?

మొకం వెలిగిపోతంది. ఇందాకటి నుంచి కిందకి సూస్తన్న మనిషి ఇప్పుడు వెనక్కి ఆనుకుని, కాలు మీద కాలు వేసుకున్నారు. తప్పు రసూల్ బీదని తేలిపోనాది. మీరు కడిగిన ముత్యం. నాకేటి తెలుసమ్మా, నాను పాటగాణ్ణి, రిపేరు నీది అంటారు. ఆడదాని సేతికిస్తే అనే మాట నాలిక సివరకొచ్చీసింది, సాయంత్రం ప్రోగ్రాం ఉందని మింగతన్నారు.

ఇందుకే సెప్పలేదు రెండేళ్లు. ఇదిగో, ఈ మొకం సూడాల్సొస్తాదనే.

నవ్వుకోండి. కానీ ఒకటి సెప్పండి. తప్పు ముక్క వేసింది నాను, ఒప్పుకున్నాను. ఆ ముక్క మీద అనుమానం రావలసింది ఎవరికి? నాబ్ మీద సెయ్యున్నది మీది. దేవీప్రసాద్‌కి ఒక్క సాయంత్రంలో వొచ్చిన అనుమానం శ్రీసత్యకి ఏడు నెల్లూ ఎందుకు రాలేదు? మగోడి గొంతు తేడాగా వినబడితే పెట్టె విప్పాలి. ఆడదాని గొంతు తేడాగా వినబడితే ఆడదాన్ని తీసీయాలి. ఇది ఏ కంట్రోలు మీద రాసుంది?

సరే, పోనీండి. రెండోదాని కంట్రోలు తిరిగి పెట్టీసి జాకు మార్చీసాను, నాలుగోదానికి కొత్తది బిగిస్తన్నాను. మూడు కాళ్లు, మూడు సుక్కలు, అయిపోనాది. ఇప్పుడు నాలుగో చానెల్ మంచిది. ఈ సాయంత్రం శ్రీసత్యని పిలవండి. గాజువాకకి పరవాడ ఎంత దూరం? మజ్జాన్నానికి డ్యూటీ దిగుతాది. పిలిచి, రెండు పాటలు ఇవ్వండి.

శ్రీసత్య సోట తెచ్చిన హిమబిందు ఉందంటారు. ఉంటే ఉండనీండి. ఆ అమ్మాయి సొంత మైకు తెచ్చుకుని ఆరులో పెట్టుకుంటంది, నాలుగు ఖాళీయే.

ఏటి? మళ్లీ సెప్పండి.

జనం ఒప్పుకోరా. నలభై దాటిందా. స్టేజీకి వెలుగుండాలా. హిమబిందుకి ఇరవై మూడు, నిలబడితే సాలు అంటారా.

బాగుంది. ఇప్పుడు మీరు గొంతు మాట ఎత్తడం లేదు సూసారా? రెండేళ్ల కిందట గొంతు. ఇప్పుడు వయసు, వెలుగు. గొంతు బాగుందని తేలిపోయినా మనిషి వొద్దు. అంటే అప్పుడూ గొంతు కాదన్నమాట. మీకు ఓ సాకు కావలసొచ్చింది. ఎక్కడా దొరక్క తిరిగారు. నాను తయారు సేసి, సీసం వేసి అతికించి, మీ సేతికిచ్చాను.

ఎల్లి సెప్పీస్తానంటారా? రసూల్ బీ వల్లే ఇలా అయ్యిందని శ్రీసత్యకి నాను సెప్తాను అంటారా?

సెప్పండి. ఇంటి అడ్రసు కావాలా? గుడి పక్క సందు, మేడ మీద వాటా, మెట్లు నిటారుగా ఉంటాయి. ఎక్కి, తలుపు కొట్టి, గుమ్మంలో నిలబడి సెప్పాలి. ఏటని మొదలెడతారు? అమ్మా, నీ గొంతు ఎప్పుడూ బాగానే ఉంది, నానే నిన్ను తీసీసాను అని మొదలెట్టాలి. నా పేరు ఎత్తాలంటే ముందు ఆ ముక్క అనాలి. అది మీ నోటికి రాదు. రాదని నాకు బాగా తెలుసు. నా నోటికీ రాలేదు కదా.

ఇందులో మీరు నా కన్నా మంచోళ్లు కాదు, నాను మీ కన్నా మంచిదాన్ని కాదు. మీకు సిగ్గు లేదు, నాకు ధైర్యం లేదు. మజ్జలో ఆవిడ మాత్రలు సర్దతంది.

ఇదిగో, మూత బిగించాను. తిప్పి సూసుకోండి. నెమ్మదిగా. పన్నెండు దాకా రానీండి, ఏటీ ఎగిరిపడదు. బాగుంది కదా? మైకులో ఏదైనా అనండి. హలో కాదు, ఏదైనా పేరు అనండి.

అనలేకపోతన్నారు. పోనీండి. హలో అనే అనండి.

ఆఁ. సక్కగా ఉంది. పట్టుకెళ్లండి, మీకు టైమైపోతంది.

నీలకంఠం శ్రీసత్య ఇంటి మెట్లు ఎక్కలేదు. రసూల్ బీ పదకొండు రోజుల తర్వాత ఎక్కింది. మిక్సర్‌లో తప్పు ముక్క పడిందని, గొంతు ఎప్పుడూ చెడలేదని చెప్పింది. ఆ ముక్క ఎవరు వేశారని శ్రీసత్య అడిగింది. తెలియదని చెప్పి, ఇచ్చిన టీ తాగి, మెట్లు దిగి వచ్చేసింది.